గార్డియన్ సంతకం

"సంతకం పెట్టేస్తాను. ఆ పెన్ను ఇటివ్వు," అన్నాడు టైలరు.

"పెట్టొద్దన్నానా?" అంది భార్య.

కత్తిరింపుల బల్ల మీద సగం కోసిన కోటు గుడ్డ ఉంది. దాని మీద సుద్ద గీతలు, ఆ గీతల మధ్య కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం. నిన్నటి నుంచి అది అక్కడే ఉంది. టైలరు దాన్ని పక్కకు జరుపుతాడు, గుడ్డ కోస్తాడు, మళ్ళీ తెచ్చి ఎదురుగా పెట్టుకుంటాడు. అవతల పారేయడానికి మనసు రాదు, చదవకుండా ఊరుకోవడానికీ మనసు రాదు.

ఉత్తరంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. గురువారం మొదటి పీరియడులో అనుమతి లేకుండా క్లాసు వదిలి గేటు బయట కూర్చున్న ముప్ఫై ఇద్దరు విద్యార్థులూ క్షమాపణ పత్రం ఇవ్వాలి. సోమవారం పది గంటల్లోపు ఇవ్వాలి. ఇవ్వనివాళ్ళని పరీక్షలకు కూర్చోనివ్వరు. పత్రం మీద విద్యార్థి సంతకంతో పాటు గార్డియన్ సంతకం తప్పనిసరి.

"నలభై మూడేళ్ళ మనిషికి గార్డియనేవిటిరా?" అంది అత్తగారు, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ. ఈ మాట అడగడం ఆవిడకిది ఆరోసారి.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకునే ఉన్నానుగా. నా కోడలూ నా మనవరాలూ ఒకే క్లాసులో చదువుతున్నారు. నాకు ఇద్దరు మనవరాళ్ళనుకోవాలో, ఇద్దరు కోడళ్ళనుకోవాలో తేల్చి చెప్పండర్రా అంటే ఒక్కరూ చెప్పరు."

అసలు ఇదంతా తెచ్చిపెట్టింది టైలరే. కూతురు చంటికి డిగ్రీ అప్లికేషను తేవడానికి వెళ్ళినవాడు సరదాకి రెండు తెచ్చాడు. "నీకూ ఒకటి. పెళ్ళికి ముందు ఆపేసిన చదువు కదా," అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమే అప్లికేషను నింపేసింది. మొదటి వారం క్లాసులో అందరూ 'ఆంటీ' అని ఆటపట్టించారు. రెండో ఏడాది మొదట్లో ఆ పిల్లలే ఆమెను క్లాసు లీడరుగా ఎన్నుకున్నారు. అప్పట్నుంచి కాలేజీలో ఆమె పేరు లీడరమ్మ. ఇంట్లో ఆ పేరు వాడేది అత్తగారొక్కతే. అదీ వేరే అర్థంతో.

"ఒక్క వాక్యం రాయి. తప్పయింది, మన్నించండి అని. కింద నేను గీకేస్తాను. అయిపోతుంది," అన్నాడు టైలరు.

"తప్పు చెయ్యలేదుగా."

"చెయ్యలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. ప్రిన్సిపాలుకు తెలీదు. తెలియని మనిషితో వాదనెందుకు?"

"గురువారం పొద్దున మీరక్కడ లేరండీ." లీడరమ్మ గొంతు తగ్గింది. "రాత్రంతా ఆసుపత్రి వార్డులో పని చేసి, ఎనిమిదింటికి డ్యూటీ దిగి, మొహమైనా కడుక్కోకుండా బస్సెక్కుతుంది మా క్లాసులో ఆ పిల్ల. ఆ బస్సు గేటు దగ్గరికొచ్చేది తొమ్మిదీ పదికి. గేటు తొమ్మిదింటికే మూసేస్తారు. పది నిమిషాల పాపానికి గంటసేపు బయట నిలబడాలి. ఆరోజు జల్లు కూడా. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఊచలు పట్టుకుని నిలబడే నిద్రపోతోందండీ. మోకాళ్ళు వంగిపోతే ఉలిక్కిపడి మళ్ళీ నిలబడుతోంది. ఎలా కూర్చోమంటారు?"

"నిన్ను కూర్చోమన్లేదు. నువ్వొక్కదానివే వెళ్ళుండాల్సింది."

"ఒక్కదాన్నే వెళ్తే ఇద్దరం తడుస్తాం. అందరం వెళ్తే గేటు తీస్తారనుకున్నాను."

గేటు తియ్యలేదు. బయటికి పోయేవాళ్ళకి చిన్న తలుపు తెరిచిన వాచ్‌మన్, లోపలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. పేవ్‌మెంటు మీద పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ముప్ఫై ఇద్దరూ కూర్చుంటే, ఎకనామిక్స్ లెక్చరరు గొడుగేసుకుని వచ్చి ఊచల అవతల నుంచే పాఠం పూర్తి చేశాడు. ప్రిన్సిపాలు మేడ మీద నుంచి ఆ పాఠమంతా విన్నాడు.

క్లాసులో మొత్తం ముప్ఫై ముగ్గురు. లోపల మిగిలింది ఒక్కతే. ఆ ఒక్కతీ చంటి.

ఆ సంగతి ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. చంటి పుస్తకం ముందు కూర్చుంది. పొద్దుట్నుంచీ అదే పేజీ.

*

వీధి వాకిట్లో చెప్పుల చప్పుడైంది. వచ్చింది వడ్రంగి. చెవి సందున పెన్సిలు, మోచేతుల దాకా రంపపు పొట్టు. పనిలోంచి లేచి నేరుగా వచ్చేశాడని చూస్తేనే తెలుస్తోంది. వెనకాల తల వంచుకుని నిలబడింది అతని కూతురు, ఆ ఆసుపత్రి పిల్ల.

"రండన్నయ్యగారూ, కూర్చోండి," అంటూ లీడరమ్మ స్టూలు మీది గుడ్డలు తీసింది.

"కూర్చోడానికి రాలేదమ్మా. ఒక మాట అడిగి పోదామని వచ్చాను." అతను గుమ్మం దాటలేదు. "మీరు పెద్దవాళ్ళు. పక్కన మీలాంటి మనిషి ఉంది, ఇక నా పిల్లకి భయం లేదనుకున్నాను. ఆ ధైర్యంతోనే రాత్రి డ్యూటీ చేస్తూ చదువుకుంటానంటే ఒప్పుకున్నాను. ఇవాళ దాని చేతిలో ఈ కాగితం. పరీక్షల్లేవంట! మీరేం చేసినట్టు?"

"నాన్నా, లీడరమ్మ నా కోసమే..."

"నువ్వు మాట్లాడకు." అతని గొంతు వీధి చివరికి వినబడింది. "నీ కోసం చేసినవాళ్ళు నిన్ను ముందు అడిగారా? బయట నిలబడితే నా కూతురికి పోయేది ఒక్క పీరియడు. ఇప్పుడు పోయేది ఏడాది. సోమవారం నుంచి ఇది కాలేజీకి రాదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

లీడరమ్మ గ్లాసుతో నీళ్ళు అందించింది. అతను తీసుకోలేదు. గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

పోబోతూ ఆగాడు. ఈసారి గొంతు తగ్గించాడు. అరిచినప్పటి కంటే ఇదే ఎక్కువ తగిలింది.

"మీ అమ్మాయి మాత్రం లోపలే కూర్చుందట కదమ్మా. దాని పేరు జాబితాలో లేదట. నా పిల్లని ఈ గొడవలోకి లాగారు, మీ పిల్లని చక్కగా లోపల కూర్చోబెట్టారు."

"అయ్యో, అది కాదు..." అంది లీడరమ్మ.

అతను వెళ్ళిపోయాడు. ఆసుపత్రి పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎదురింటి కిటికీ మెల్లిగా మూసుకుంది. అత్తగారి చేతిలో బఠాణీ కాయ సగంలో ఆగింది.

*

పెరట్లో ఆరేసిన దుప్పట్లు తీయడానికి వెళ్ళింది లీడరమ్మ. ఎప్పట్లాగే చంటి వచ్చి రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ లాగి బిగించారు, దగ్గరికొచ్చి అంచులు కలిపారు, దూరం జరిగారు. రెండు దుప్పట్లయ్యాయి.

మూడో దుప్పటి మధ్యలో లీడరమ్మ ఆగింది.

"ఎందుకు లోపలే కూర్చున్నావు?"

చంటి తన చివర దులిపింది.

"నాకు చెప్పవా? వీధిలో అందరి ముందూ ఆ మాట పడ్డాను. నిన్ను నేనే దాచిపెట్టానట!"

"నువ్వెందుకు దాస్తావు? నేనున్నానన్న సంగతే నీకు గుర్తు లేదు."

"ఏం మాటే అది?"

"నువ్వు లేచావు. 'పుస్తకాలు తీసుకుని రండర్రా' అన్నావు. అందరూ లేచారు. ఎవర్నైనా అడిగావా అమ్మా? ఏం చేద్దాం అన్నావా ఒక్కసారి?"

"అడగడానికి టైమెక్కడుంది? ఆ పిల్ల పడిపోయేలా ఉంటే..."

"గురువారం లేదు సరే. అంతకుముందు పది రోజులుంది." చంటి దుప్పటి అంచుని వేళ్ళకు చుట్టుకుంటోంది. "క్లాసులో ఏడుగురికి బస్సు లేటే. ఎవరెక్కడ ఎక్కుతారు, ఎన్నింటికి దిగుతారు, అన్నీ రాసి పెట్టాను. గేటు ఇంకో ఇరవై నిమిషాలు తెరిచి ఉంచమని అర్జీ రాశాను. హెడ్ క్లర్కు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే, శుక్రవారం మీటింగులో పెడతానన్నాడు. శుక్రవారం! నువ్వు గురువారం అందర్నీ లేపుకుపోయావు. నేనూ బయటికొస్తే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుందని కూర్చున్నాను. కూర్చున్నా అందులోకే పోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వే పట్టుకుపోయేదానివి. 'ఇటివ్వు, నేను మాట్లాడతాను' అనేదానివి. ఇంట్లో నేనేం తినాలో, ఎప్పుడు పడుకోవాలో నువ్వే చెప్తావు. సరే, అమ్మవి. అక్కడా అంతేనా? క్లాసులో అందరి ముందూ నన్ను చంటీ అని పిలుస్తావు."

"మరేమని పిలవను?"

చంటికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "లీడరుగా నిలబడదామని నేను పేరు రాసుకున్నానమ్మా. కాలేజీలో చేరినప్పట్నుంచీ అనుకుంటున్నాను. వెనక బెంచీలో ఎవడో నీ పేరు అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కాగితం బ్యాగులో పెట్టేసుకున్నాను."

దుప్పటి సగం మడతలోనే ఉండిపోయింది. చంటి లోపలికి వెళ్ళిపోయింది. లీడరమ్మ ఆ రెండో చివర ఎవరూ పట్టుకోని గుడ్డను చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

పద్దెనిమిదేళ్ళుగా కూతురి జ్వరాన్ని నుదుటి మీద చెయ్యి పెట్టకుండానే కనిపెడతానని ఆమెకు గొప్ప. ఒకే బెంచీలో ఏడాదిన్నరగా పక్కన కూర్చున్న పిల్ల మనసులో ఏముందో మాత్రం తెలియలేదు.

*

ఆదివారం మధ్యాహ్నానికి లీడరమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. కాగితం తీసి రాసింది. 'గురువారం జరిగినదంతా నేనే చేయించాను. మిగిలిన పిల్లలకు ఏమీ తెలియదు. నా మాట విని వచ్చారు. వాళ్ళని పరీక్షలకు కూర్చోనివ్వండి. నన్ను ఏం చేసినా సరే.'

టైలరు చదివి కళ్ళజోడు తీశాడు. "ఇది నేను అడిగిన దాని కంటే నాలుగింతలుంది."

"సంతకం పెట్టండి."

"నిన్న వద్దన్నావు."

"నిన్న నా ఒక్కదాని సంగతి అనుకున్నాను."

ఆయన పెన్ను తీసుకున్నాడు గానీ పెట్టలేదు. మిషను మీదున్న ప్యాంటు కాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. అలా ఉన్నాడంటే ఒప్పుకోవడం లేదని అర్థం.

మూడింటికి క్లాసు వాళ్ళు వచ్చారు. ఒకరూ ఇద్దరూ కాదు, ఇరవై మందికి పైనే. స్టూళ్ళు చాలక గడప మీద, గుడ్డల మూటల మీద, ఇస్త్రీ బల్ల అంచున సర్దుకున్నారు. అందరికంటే ముందు పొడుగబ్బాయి దూలానికి తల కొట్టుకుని లోపలికొచ్చాడు. ఆసుపత్రి పిల్ల కూడా వచ్చింది. వాళ్ళ నాన్నకి చెప్పి వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు.

"భయపడకండర్రా," అంది లీడరమ్మ. "నేను రాసేశాను. రేపు నేనొక్కదాన్నే వెళ్ళి ఇచ్చేస్తాను. మీకెవరికీ ఏమీ కాదు." కాగితం తీసి చదివింది.

మెచ్చుకుంటారనుకుంది. కనీసం ఊపిరి పీల్చుకుంటారనుకుంది. ఎవరూ కదల్లేదు. మిషను కూడా ఆగింది.

"మాకేమీ తెలియదా, లీడరమ్మా?" అన్నాడు పొడుగబ్బాయి.

"అదేం కాదురా, రాయడానికి అలా..."

"మీరు చెయ్యి పట్టి లాగారా నన్ను? నా కాళ్ళతో నేను లేచాను. మా ఇంట్లో ఎప్పుడూ నన్ను లెక్కచెయ్యరు. వీడికేం తెలుసు అంటారు. మొదటిసారి తెలిసే చేశాను. దాన్ని కూడా తీసేస్తారా?" వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మ రాసినట్టుంది ఇది. లీడరు రాసినట్టు లేదు."

నిన్న పెరట్లో విన్న మాటే మళ్ళీ వేరే నోటి నుంచి వచ్చింది. కూతురు అంటే కోపంలో అందనుకోవచ్చు. వీడికి ఆమె మీద కోపం లేదు. వీడి కళ్ళలో ఉన్నది అవమానం.

లీడరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. చింపలేదు. పట్టుకుని కూర్చుంది.

"అయితే ఏం చేద్దాం?" అంది.

ఆ మాట ఆమె నోటికే కొత్తగా ఉంది. అడిగేశాక ఇంకో కష్టం వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడకపోతే, ఏదో ఒకటి తనే అనేసే మనిషి ఆమె. పెదవులు బిగించి కూర్చుంది. గోడ గడియారం చప్పుడు ఇంత పెద్దదని ఈ ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ తెలియదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. చంటి చేతిలో కాగితాలతో వచ్చి నిలబడింది.

"నీకేం పని ఇక్కడ? నువ్వు లోపల కూర్చున్నదానివిగా," అన్నారెవరో. రెండు మూడు గొంతులు ఔనన్నాయి.

లీడరమ్మ నోరు తెరిచింది. 'దాన్నేమీ అనకండి, అది మీ కోసం పది రోజులు తిరిగింది' అన్న మాట నాలుక మీదికొచ్చింది. ఆ మాట తను అంటే క్లాసు వింటుంది. వాళ్ళమ్మ చెప్పింది కాబట్టి వింటుంది. ఆమె నోరు మూసుకుంది.

"కూర్చున్నాను," అంది చంటి. "ఎందుకో చెప్తాను. విని నచ్చకపోతే పొమ్మనండి."

చెప్పింది. ఏడుగురి బస్సుల వేళలూ చదివింది. అర్జీ సంగతి చెప్పింది. ఎవరో గొణిగారు, ఎవరో అడ్డు ప్రశ్న వేశారు. ఒకదానికి జవాబు తెలియక, తెలియదని ఒప్పుకుంది. అక్కడే గది కాస్త మెత్తబడింది.

"వాళ్ళు గార్డియన్ సంతకం అడిగారు కదా," అంది చివర్లో. "సంతకమెందుకు? గార్డియన్లనే తీసుకెళ్దాం. మన బస్సులోనే తీసుకెళ్దాం. తొమ్మిదీ పదికి మూసిన గేటు ముందు దింపుదాం. అప్పుడు వాళ్ళే చూస్తారు, క్షమాపణ ఎవరు చెప్పాలో."

ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది.

"మరి ప్రిన్సిపాలుతో మాట్లాడేదెవరు?" అన్నాడు పొడుగబ్బాయి. అందరి తలలూ అలవాటుగా లీడరమ్మ వైపు తిరిగాయి. ఆమె తన చేతిలోని కాగితం వైపే చూసుకుంటూ ఉండిపోయింది.

"నేను మాట్లాడతాను."

ఆ గొంతు ఎవరిదో చాలామందికి వెంటనే తెలియలేదు. ఏడాదిన్నరలో క్లాసులో ఒక్కసారైనా నోరు విప్పని పిల్ల అది. "బయట నిలబడేది నేను కదా," అంది ఆసుపత్రి పిల్ల.

*

సోమవారం బస్సు కిక్కిరిసింది. పందొమ్మిది మంది గార్డియన్లు వచ్చారు. టైలరు కొట్టు మూసి, తను కుట్టుకున్న కోటు తొడుక్కుని వచ్చాడు. ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళకి కుట్టడమే గానీ తను తొడుక్కోవడం తెలియని మనిషి, గుండీలు పెట్టుకోవాలో వదిలేయాలో తేల్చుకోలేక దారంతా సర్దుకుంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి స్టాపులో బస్సెక్కిన పిల్ల వెనకాలే వడ్రంగీ ఎక్కాడు. పొద్దున్న ఎనిమిది కాకముందే వెళ్ళి వార్డు బయట కూర్చున్నాడట. లీడరమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"మీ కోసం రాలేదమ్మా," అన్నాడు కూర్చుంటూ. కాసేపయ్యాక, "డ్యూటీ దిగేటప్పుడు దాని కాళ్ళు చూశాను. ఇంత వాచి ఉన్నాయి," అని చేత్తో చూపించాడు. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు.

బస్సు గేటు దగ్గర ఆగేసరికి తొమ్మిదీ పదమూడు. గేటు మూసి ఉంది.

ఇంతమంది పెద్దవాళ్ళని చూసి వాచ్‌మన్ కంగారుగా లోపలికి పరుగెత్తాడు. ప్రిన్సిపాలు వచ్చాడు. అలసిపోయిన మొహం, నుదుటి మీదకి ఎత్తిపెట్టుకున్న కళ్ళజోడు. లీడరమ్మని చూసి, "మళ్ళీ మీరేనా?" అన్నాడు.

ఆమె మాట్లాడలేదు. ఆసుపత్రి పిల్ల ఒక అడుగు ముందుకేసింది. నోరు తెరిచింది. గొంతు రాలేదు. వెనక పొడుగబ్బాయి, "లీడరమ్మా, మీరు చెప్పండి," అని గుసగుసలాడాడు. ఆమె కదల్లేదు. ఆ కాసేపూ నిలబడటం, తొమ్మిది నెలలు మోయడం కంటే బరువనిపించింది.

"సార్," అంది చివరికి ఆ పిల్ల. "నేను లేటుగా రావడం లేదు సార్. బస్సు లేటుగా వస్తోంది. నేను డ్యూటీ దిగిన నిమిషం నుంచీ వస్తూనే ఉన్నాను."

ప్రిన్సిపాలు కళ్ళజోడు కిందికి దించాడు. చంటి ఇచ్చిన కాగితాలు ఊచల మధ్య నుంచి అందుకున్నాడు. చదువుతున్నంతసేపూ గార్డియన్లు గేటు ముందే నిలబడ్డారు. ఎవరో మెడ తుడుచుకున్నారు. ఎవరో, "రోజూ ఇంతేనా?" అని పిల్లని అడిగారు.

ఆయన పెద్దవాళ్ళని లోపలికి రమ్మన్నాడు. పిల్లల్ని బయటే ఉండమన్నాడు. అరగంట తర్వాత ఆయనొక్కడే గేటు దగ్గరికి తిరిగొచ్చి, లీడరమ్మని పక్కకి పిలిచాడు.

"గేటు తొమ్మిదీ ఇరవై దాకా తెరిచే ఉంచుతాను. క్షమాపణ పత్రాలు అక్కర్లేదు. అందరూ పరీక్షలు రాసుకోవచ్చు." ఆగాడు. "ఒక్కటి మాత్రం కావాలి. పాఠం మధ్యలో క్లాసుని లేపుకుపోయిన మనిషి లీడరుగా ఉండటానికి వీల్లేదు. రేపు ఇంకో క్లాసు ఇదే చేస్తే నేనేం చెప్పను? మీరు పెద్దవారు, నా ఇబ్బంది మీకు తెలుస్తుంది. సరే అనండి. ఇక్కడితో అయిపోతుంది."

సరే అనడం ఆమెకు ఎంతో తేలిక. తనకు రావలసింది తీసి పిల్లల ముందు పెట్టడం తప్ప ఇన్నేళ్ళూ చేసిందేముంది? మాట పెదవుల దాకా వచ్చింది.

"అడిగి చెప్తానండీ," అంది.

"ఎవర్ని? మీ ఆయన్నా?"

"క్లాసుని."

పేవ్‌మెంటు మీద అందరూ చుట్టూ మూగారు. ఆయన అన్నది అన్నట్టు చెప్పింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు.

"కుదరదు!" అన్నాడు పొడుగబ్బాయి. "మన లీడర్ని మార్చడానికి ఆయనెవరు?"

"ఔను, కుదరదు," అన్నాయి నాలుగైదు గొంతులు.

"ఒప్పుకుందాం."

చంటి అంది ఆ మాట. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మాత్రం తల్లి మొహంలోకే చూస్తోంది. కళ్ళు తిప్పుకోలేదు.

"రేపట్నుంచి ఏడుగురికి గేటు తెరుచుకుంటుంది. మనం బస్సెక్కింది దానికే. ఇప్పుడు కాదంటే మళ్ళీ మొదటికొస్తాం."

"మీ అమ్మే ఆమె!" అన్నాడు పొడుగబ్బాయి, నమ్మలేనట్టు.

"తెలుసు," అంది చంటి.

ఆసుపత్రి పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "నా వల్ల మీరు..." అని ఆగిపోయింది. "మీరేమంటారు, లీడరమ్మా? మీరెలా అంటే అలా."

"నేనేమీ అనను," అంది లీడరమ్మ. "నేను అన్నాక మీరు ఆలోచించరు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. ఒరే పొడుగూ, నువ్వు లెక్కపెట్టు."

ఒక్క చెయ్యి కూడా లేవకూడదని ఆమెకు లోపల ఎంతగానో ఉంది. ఇంత ఉందని ఈ క్షణం దాకా ఆమెకే తెలియదు. ఆ ఆశ మొహంలో కనిపిస్తే ఎత్తబోయిన చేతులు దిగిపోతాయి. అందుకని గబుక్కున గేటు వైపు తిరిగి నిలబడింది.

వెనక బట్టల చప్పుడు మొదలైంది.

"ఒకటి," అన్నాడు పొడుగబ్బాయి, బొంగురుగా. "రెండు. మూడు..."

ఊచల అవతల గార్డియన్లు ఒక్కొక్కరే మెట్లు దిగి వస్తున్నారు. ముందు టైలరు వస్తున్నాడు, కోటు గుండీలన్నీ పెట్టుకుని. భార్యని చూసి నవ్వబోయాడు. అంతలో ఆయన చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి, లేచిన చేతుల మీదికి పోయింది. మెట్టు మీద అడుగు ఆగింది.

"ఎనిమిది," అంటోంది వెనక గొంతు. "తొమ్మిది."